వదిన మోకాలి మాసిక

నమోదు 1

ముందుగా క్షమాపణ. ఈ పుటలు తెరవబోయే భావి తరాల వారికీ, భూమ్మీది బంధుమిత్రులకూ, పొరపాటున చదవడం మొదలుపెట్టి మర్యాద కొద్దీ ఆపలేకపోతున్న సహృదయులకూ రెండు చేతులూ జోడించి విన్నవించుకునేది ఏమనగా: ఇందులో శైలి లేదు, శిల్పం లేదు, నీతి అసలే లేదు. సూదీ దారం ఉన్నాయి. ఒక మోకాలు ఉంది, అదీ వెనక వైపు. ఇంతటి అల్పవిషయంతో మీ అమూల్యమైన కాలాన్ని హరిస్తున్నందుకు నా హృదయం ద్రవించిపోతోంది.

అబద్ధం. ఏమీ ద్రవించడం లేదు. మంగళగుట్టలో ద్రవపదార్థాలన్నిటికీ రేషన్.

కుట్టుగదిలో ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే రాసిపెట్టాలని ఇక్కడి నియమం. ఎవరూ చదవరు. నాకు ముందున్నాయన మొదటి రోజు "కుట్టాను" అని రాసి, ఆ తర్వాత నాలుగేళ్ళు "పైమాటే" అని నడిపించాడు. నేను కాలేజీ చదివినవాణ్ణి. అంత పొదుపు నా చదువుకే అవమానం.

నా పేరు చక్రధర్. వస్త్రశాస్త్రంలో మా తరగతికి ప్రథముణ్ణి. ఆ ఏడాది తరగతిలో ఉన్నది ఇద్దరం, రెండోవాడు మధ్యలో మానేసి వంటశాలలో చేరాడు. అది వేరే సంగతి. గుడ్డ గురించి నాకు తెలియనిది లేదు, దాన్ని ముట్టుకోవడం తప్ప. ఆ లోటు తీరడానికే కాబోలు ఇక్కడ వేశారు.

కుట్టుగదికి పెద్ద దస్తగిరమ్మత్త. మా కాలనీలో అందరూ అత్త అనే పిలుస్తారు. ఎవరికీ నిజంగా అత్త కాదు, అందుకే అందరికీ అత్తరికం చేస్తుంది.

"ఏం చదివినావు రా అబ్బీ?"

"వస్త్రశాస్త్రం అత్తా. పోగుల సాగుడు మీద ప్రత్యేక అధ్యయనం."

"సూదిలో దారమెక్కించు."

ఎక్కించాను. మొదటిసారికే. ఆమె కొంచెం నిరాశపడింది.

"సరే, కూర్చో. బయట ఎవురూ లేరులే."

బయట ఎవరూ లేకపోతే నేను కూర్చోవడానికీ దానికీ ఏమిటి సంబంధం? అడిగాను. ఈ గది ఆచారం అట: మన కుట్టు వేసుకుని ఎవరైనా తలుపు దాటి వెళ్తే, వాళ్ళు తిరిగి లోపలికి వచ్చేదాకా కుట్టినవాళ్ళు కూర్చోకూడదు. కుట్టినవాళ్ళు కూలబడితే కుట్టూ కూలబడుతుందట. దీనికి శాస్త్రీయమైన ఆధారం లేదని వినయంగా మనవి చేశాను.

"నీకుండాదా ఆధారం? నిన్నే పెట్టినారు గదా ఈడ."

కూర్చున్నాను.

నమోదు 2

ఈ రోజు మా వదిన బయటికి తొడుక్కునే బిగువు కుట్టుకు వచ్చింది. లోపల వదిన లేదు కాబట్టి నమస్కారం పెట్టలేదు.

వదిన అంటే మా అన్న శేషఫణి భార్య నీలవేణి. నీళ్ళ గొట్టం ఆమె ఉద్యోగం. మంచు గొయ్యి నుంచి నీళ్ళు తెచ్చే గొట్టం ఒకచోట మెడలా వంగుతుంది. ఆ మెడలో మంచు పేరుకుంటుంది. ఎవరో ఒకరు వారానికోసారి వెళ్ళి, వేడి కడ్డీ పెట్టి, సుత్తితో కొట్టి రావాలి. ఆ ఎవరో ఒకరు మొన్నటిదాకా ఇద్దరు. వాళ్ళతో పాటు ఆ పని చేసే యంత్రం చెడిపోతే బాగుచేయడానికి వెళ్ళి యేసుపాదం గారు కాలు విరగ్గొట్టుకున్నారు. ఇప్పుడు యంత్రమూ లేదు, ఆయనా లేచి తిరగడం లేదు. మిగిలింది వదిన.

వదిన బిగువు కుడి మోకాలి వెనక చిరిగింది. గోరంత.

గోరంతకు ఇంత రాద్ధాంతం ఎందుకంటారేమో. బిగువు అంటే చొక్కా కాదు. మెడ నుంచి మడమ దాకా ఒంటిని పట్టి బిగించి ఉంచుతుంది. బయట గాలి లేనట్టే కాబట్టి, గాలి చేయవలసిన ఆ నొక్కే పని గుడ్డ చేస్తుంది. ఎక్కడ వదులైతే అక్కడ ఒళ్ళు పొంగి కములుతుంది. మరీ వదులైతే కమలడంతో ఆగదు. యేసుపాదం గారి వీపు మీద అరచేయంత నల్ల మచ్చ ఉంది, ఒక పాత కుట్టు జ్ఞాపకార్థం. పోనీ ఇంకొకరిది తొడుక్కుని వెళ్ళమందామంటే, ఒకరి ఒంటికి అల్లింది మరొకరికి పట్టదు.

వదిన మధ్యాహ్నం వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఏం మరిదీ, నా మోకాలు నీ చేతుల్లో పడిందటగా. దేవుడు ఉన్నాడా అసలు?"

"వదినా, నీ మోకాలు ఒక విద్వాంసుడి చేతుల్లో ఉంది."

"అదే నా భయం." దస్తగిరమ్మత్త వైపు తిరిగింది. "అత్తా, వీణ్ణి దీపం పట్టుకోనివ్వండి చాలు. సూది మాత్రం ఇవ్వకండి. మా పెళ్ళిలో వీడు మీద చల్లమని ఇచ్చిన అక్షింతలు తినేశాడు."

"ఆకలేసింది" అన్నాను.

"నీకు తెల్లారేసరికి అప్పజెప్తా పో బిడ్డా" అంది అత్త. "కుట్టు యాడుండాదో నీకే తెలీకుండా సేస్తా."

నమోదు 3

అత్త అన్నంత పనీ చేసింది. ఆ బిగువు మడమ అంచు నుంచే పోగులు లాగి, చిరుగు మీద పడుగు పరిచి, పైకీ కిందికీ పేక అల్లింది. రఫ్ఫు అంటే అదీ. పక్కన దీపం పట్టుకున్నాను. చదువు వృథా పోలేదు, దీపం ఏ కోణంలో పట్టాలో నాకు శాస్త్రీయంగా తెలుసు. చివరికి చిరుగు ఎక్కడుండేదో వెతుక్కోవలసి వచ్చింది.

పరీక్ష పెట్టెలో ఒక రబ్బరు కాలు ఉంటుంది. దానికి బిగువు తొడిగి మూత వేస్తే, మోకాలిని మళ్ళీ మళ్ళీ వంచి, చివరికి ఒక అంకె చూపిస్తుంది. తొంభై అయిదు దాటితే పచ్చ దీపం.

తొంభై ఒకటి వచ్చింది.

"ఇప్పేద్దాం" అంది అత్త.

"అత్తా, తొంభై ఒకటి అంటే మా కాలేజీలో బంగారు పతకం."

"మీ కాలేజీలో మార్కులు తక్కువొచ్చి ఎవురన్నా ఒళ్ళు ఉబ్బి సచ్చినారా?"

"ఉబ్బలేదు గానీ..."

"గమ్మునుండు."

ఈ పోగు పంటికి తెగదు, వంటింటి కత్తికి తెగదు. దాన్ని తెంచే చిట్టి కత్తెర భూమి నుంచి వచ్చింది ఒక్కటే ఉంది, బల్ల మీద డబ్బా మూతలో పడుకుని ఉంటుంది. అత్త దానితో ఒక్కొక్క పోగూ తెంచి కుట్టంతా విప్పింది. విప్పేటప్పుడు చుట్టూ ఉన్న మంచి పోగులు కూడా కొన్ని నలిగి తెగాయి. గోరంత చిరుగు రెండు గోళ్ళంత అయింది.

నమోదు 4

రెండో కుట్టు. ఎనభై ఎనిమిది.

విప్పింది అత్త. చిరుగు నా బొటనవేలంత.

కొత్త గుడ్డ తెచ్చే ఓడ గురించి రోజూ ఉదయం ప్రకటన వస్తుంది. "ప్రయాణంలో ఉంది." అదే గొంతు, అదే ప్రశాంతత. భూమ్మీద బస్సుల గురించి కూడా ఇలాగే చెప్పేవారని మా అమ్మమ్మ అనేది. జాతకంలో కుజదోషం ఉందని ఆవిడకు అక్కడ సంబంధాలు రాలేదట. నేరుగా కుజుడి మీదికే వచ్చేసింది. ఇక్కడ అందరిదీ అదే దోషం కాబట్టి వెంటనే పెళ్ళయింది. అటువంటి మనిషి కూడా బస్సు కోసం ఎదురుచూసి ఏడ్చిందంటే ఆలోచించండి.

గొట్టంలో నీళ్ళు చిటికెనవేలి లావున వస్తున్నాయి. స్నానాలు ఆపేశారు. తోటకూర అరల్లో పై రెండు వరసలకు అన్న నీళ్ళు ఆపేశాడు. ఎండిన మొక్కల్ని ఏమీ అనకుండా పీకి ఎరువు డబ్బాలో వేస్తున్నాడు. మామూలుగా మొక్కలతో మాట్లాడే మనిషి.

నమోదు 5

మూడో కుట్టు. ఎనభై నాలుగు.

ఈసారి పెట్టె చెడిపోయిందేమోనని నేను చెవి ఆనించి విన్నాను. చెడిపోలేదు. రబ్బరు కాలు శుభ్రంగా వంగుతోంది. మనమే చెడిపోతున్నాం. కుట్టిన ప్రతిసారీ మొన్నటికన్నా బాగా కుడుతోంది అత్త, విప్పిన ప్రతిసారీ కుట్టడానికి ఉన్న గుడ్డ తగ్గిపోతోంది. ఇంకొన్ని పరిపూర్ణమైన కుట్లు వేస్తే వదినకు ఒక కాలు లేని బిగువు మిగులుతుంది.

అది మెల్లగా అన్నాను.

"అత్తా, విప్పకుండా పైన ఒక మాసిక వేస్తే?"

ఆమె నా వైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను. పిల్లలు చదవవచ్చు.

"మాసికా? బొంతకేస్తారు రా మాసిక. పాత గోనెకేస్తారు. మనిషికేస్తారా?"

"చూడ్డానికి బాగుండదనా?"

"సూడ్డానికి ఎవురున్నారు ఆడ, రాళ్ళా?" సూది కింద పెట్టింది. "అతుకు ఎత్తుగా ఉంటే ఏసుకున్నోళ్ళకు అదే గుర్తుంటాది. అడుగేసినప్పుడల్లా అదే తలపు. సుత్తి యాడ ఏస్తాండారో సూపుండదు. ఆ యేసుపాదం వీపున పాత కుట్టు పోయినాక నేనేసిందే మాసిక. దాన్ని తడుముకుంటా తడుముకుంటా ఆపొద్దు గొయ్యి అంచున జారి కాలిరగ్గొట్టుకున్నాడు. అప్పుటినుంచీ కనపడే కుట్టు నా సేత్తో ఏయలే."

ఇక నేను హాస్యమాడలేదు.

కత్తెర తీసుకుంది. విప్పింది. నేను దీపం పట్టుకున్నాను. చిరుగు ఇప్పుడు చిన్న పూరీ అంత.

నమోదు 6

గొట్టం ధార కాదు, చుక్కలు.

మెడలో మంచు పూర్తిగా బిగిస్తే గొట్టం పగులుతుంది. పగిలితే మార్చడానికి ఇంకో గొట్టం కావాలి. అది ఆ ప్రయాణంలో ఉన్న ఓడలోనే ప్రయాణంలో ఉంది.

ఇంట్లో అన్నం తింటున్నాం. అన్నం అంటే మాటవరసకు. నానబెట్టడానికి నీళ్ళు లేక అటుకులు అలాగే నములుతున్నాం.

అన్న అడిగాడు. "ఆ పెట్టె ఎంత చూపిస్తే వెళ్తావు నువ్వు?"

"నా ముఖం నేను కడుక్కుని నాలుగు రోజులైంది" అంది వదిన. "సున్నా చూపించినా వెళ్తాను."

"ఎకసెక్కాలు వద్దు నీలా."

"మరేం చెప్పమంటావు? పిల్లల గదిలో నిన్న ఎవరో తడి గుడ్డ నోట్లో పెట్టుకుని చీకుతున్నారు. గొట్టం పగిలాక వెళ్ళి ఏం చేయను, పరామర్శించనా?"

అన్న తల తిప్పి నన్ను చూశాడు. "నువ్వు చదివావు కదరా. నిజం చెప్పు. ఎంత చాలు?"

పొద్దుటి నుంచీ పుస్తకాలన్నీ తిరగేసింది అందుకే. తొంభై అయిదు అని రాసి ఉంది. ఎందుకు తొంభై అయిదు అని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. గుడ్డ తయారుచేసినవాళ్ళు అలా చెప్పారు, మనం అలా విన్నాం. తొంభై అయిదు కింద ఏమవుతుందో తెలియదు, ఎందుకంటే ఇంతవరకు పచ్చ దీపం వెలగకుండా ఎవరూ తలుపు దాటలేదు.

"యేసుపాదం గారి మాసికకు ఎంత వచ్చింది?" అని అడిగాడు అన్న.

"తొంభై ఏడు."

ముగ్గురం అటుకులు నమిలాం. చాలా చప్పుడు చేసే తిండి అది.

నమోదు 7

నాలుగో కుట్టు. ఇంత అందమైన కుట్టు నేను చూడలేదు. చిన్న పూరీ అంత చిరుగు నీడ కూడా లేకుండా మాయమైంది. అత్త వేళ్ళు కొంకర్లు పోతుంటే మధ్య మధ్య చంకలో పెట్టుకుని వెచ్చజేసుకుంటూ అల్లింది. చుట్టూ గుడ్డ మాత్రం నలిగి, కళ్ళకు తెలిసేంత పలచబడింది.

పెట్టె మూత వేశాం. కాలు వంగుతున్న చప్పుడు విన్నాం.

డెబ్భై తొమ్మిది.

అత్త రెండు చేతులతో ముఖం కప్పుకుని అలాగే ఉండిపోయింది. నేను పెట్టె దగ్గరా బల్ల దగ్గరా చేసేదేమీ లేక తచ్చాడాను. అప్పుడే తలుపు తెరుచుకుని వదిన వచ్చింది, లోదుస్తుల మీద దుప్పటి చుట్టుకుని, వెళ్ళడానికి సిద్ధంగా. ఎండ ఉండగానే వెళ్ళాలి, పొద్దు వాలితే కడ్డీ వేడెక్కదు.

"ఎంత?"

"డెబ్భై తొమ్మిది" అన్నాను.

వదిన ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను, ఆగింది. తర్వాత చేయి చాపింది.

"చాలు. ఇవ్వండి."

"సాలదు" అంది అత్త, ముఖం మీద నుంచి చేతులు తీసి. "ఇప్పాల. ఒక గంటలో మళ్ళా ఏస్తా. కత్తెర తే రా అబ్బీ."

డబ్బా మూతలో కత్తెర లేదు.

తర్వాత జరిగిన వెతుకులాట వీరగాథగా రాయదగింది. బల్ల జరిపాం. దుప్పట్లు దులిపాం. అత్త తన జాకెట్టు మడతలు, కొంగు, కొప్పు కూడా వెతుక్కుంది. నేను పెట్టె కిందికి దూరి, దుమ్ముతో బయటికి వచ్చి, మళ్ళీ దూరాను. పైన గూట్లో ఏనాడో పోయిన రెండు గుండీలు దొరికాయి. కత్తెర దొరకలేదు.

"ఈడనే పెట్టినా! ఈడనే! కాళ్ళొచ్చినాయా దానికి?"

"అత్తా" అంది వదిన. "పొద్దు పోతోంది. విప్పడానికి లేకపోతే విప్పకండి. పైన ఏదన్నా వెయ్యండి. బొంతకు వేసినట్టు."

"నువ్వు కూడా అదే మాటనా? దాని మీదనే ఉంటాది నీ తలపంతా. యేసుపాదం..."

"యేసుపాదం గారు కుట్టు కదిలిందేమోనని చేత్తో తడుముకుంటూ నడిచారు. నాది మోకాలి వెనకాల. తడమాలన్నా వంగాలి, నేను వంగను. కనపడని కుట్టయితే అది ఎప్పుడు పోతుందో నాకెలా తెలుస్తుంది? మాసికైతే ఒరుసుకుంటుంది. ఒరుసుకుంటున్నంతసేపూ అది ఉందని తెలుస్తుంది కదా."

అత్త బల్ల మీద సూదుల దిండు తీసుకుంది. ఎప్పటిదో పాత బిగువు చేతి ముక్కలో దూది కుక్కి, మూతి ముడేసిన దిండు అది. ముడి పంటితో లాగి విప్పి దూదంతా దులిపేసింది. సూదులన్నీ బల్ల మీద రాలాయి. ఆ ముక్కను చిరుగు ఉండిన చోట పరిచి, అరచేత్తో గట్టిగా రుద్దింది.

"కుడిపక్క నేను. ఎడమపక్క నువ్వు" అంది నాతో.

"నేనా?"

"నాకు నాలుగు సేతులుండాయా? కుట్టు!"

వదిన నా వైపు చూసింది. అక్షింతల సంగతి గుర్తొచ్చినట్టుంది.

కుట్టాను. లావు దారం, పెద్ద పెద్ద టాకాలు. అత్త వైపు కుట్లు బారులు తీరిన సైనికుల్లా ఉన్నాయి. నా వైపువి ఆ సైనికులు యుద్ధం ఓడి ఇంటికి వస్తున్నట్టున్నాయి. మిగిలిన దారం తెంచడానికి కత్తెర లేదు కాబట్టి ముడేసి తోకలా వదిలేశాం.

పెట్టె ఎనభై ఆరు అంది. ఎర్ర దీపం.

"ఎంతసేపు ఆగుతుంది అత్తా?" అని అడిగింది వదిన.

"నాకు తెలీదు బిడ్డా."

ఆ మాట ఆమె నోట రాగా నేను ఇంతకు ముందు వినలేదు.

"మంటెత్తితే వచ్చెయ్యాల. పనుండనీ, సగంలో ఉండనీ. ఒట్టెయ్యి."

వదిన అత్త నెత్తి మీద చెయ్యి పెట్టింది. "మీ మీదే ఒట్టు. నేను తప్పితే పోయేది మీరే."

"నీ నోట్లో మన్ను బొయ్య" అంది అత్త, ముక్కు తుడుచుకుంటూ.

నమోదు 8

వదిన బయట ఉంది. మేమిద్దరం నిలబడి ఉన్నాం. నిలబడే రాస్తున్నాను, గోడకు కాగితం ఆనించి. అక్షరాలు వంకరగా ఉంటే కారణం అదే. నా కుట్లకు ఏ కారణమూ లేదు.

గోడ మీద చిన్న స్పీకరులోంచి వదిన ఊపిరి వినిపిస్తోంది. అన్న ఇక్కడికి రాలేదు. వంటశాల వెనక గొట్టం లోపలికి వచ్చే చోట చెవి ఆనించి నిలబడ్డాడట.

"చక్రీ, నిలబడ్డావా?"

"స్తంభంలా ఉన్నాను వదినా."

"గోడకు ఆనుకున్నావు. నీ గొంతులో తెలుస్తోంది."

గోడ వదిలాను.

సుత్తి చప్పుడు. మంచు మీద పడే చప్పుడు బయట వినపడదు, ఆమె చేతుల్లోంచి ఒంట్లోంచి మైకులోకి వస్తుంది. దెబ్బ, ఊపిరి, దెబ్బ, ఊపిరి. అత్త పెదవులు కదుపుతోంది. దెబ్బలు లెక్కబెడుతోందో, దేవుణ్ణి పిలుస్తోందో అడగలేదు.

నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. రేషన్ నీళ్ళు. అత్త చూసింది.

"ఏడవొద్దు రా అబ్బీ. నిలబడు గట్టిగా."

"నిలబడే ఉన్నాను అత్తా." ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాను.

"మొదలైంది" అంది వదిన మైకులో. "మంట. ఎడమ పక్క."

"నా వైపని ఎలా తెలుసు?"

"వంకరగా మండుతోంది."

"వచ్చెయ్!" అని అరిచింది అత్త. "ఒట్టేసినావు!"

"వస్తున్నా అత్తా. వస్తున్నా. ఒక్క దెబ్బ."

"ఒక్కటి కూడా లే!"

దెబ్బ పడింది. ఆ వెంటనే ఇంకోటి. తర్వాత ఊపిరి వినపడలేదు. స్పీకరులో గరగర తప్ప ఏమీ లేదు.

ఎంతసేపో రాయలేను. రాసే చేయి ఆగిపోయింది. అత్త నా భుజం పట్టుకుంది, నేను ఆమె భుజం పట్టుకున్నాను. ఇద్దరిలో ఎవరు ముందు కూలినా రెండోవాళ్ళు కూడా కూలేలా నిలబడ్డాం. తొంభై ఏడు వచ్చిన యేసుపాదం గారు జారారు. ఎనభై ఆరు. ఎనభై ఆరు. ఇందులో ఎన్ని నావో, ఎన్ని అత్తవో విడదీసి చెప్పే పెట్టె ఎక్కడైనా ఉందా?

వంటశాల వైపు నుంచి కేకలు వినపడ్డాయి. పరుగెత్తుకొచ్చిన ఎవరో "నీళ్ళు! నీళ్ళు!" అన్నారు. మేమిద్దరం కదల్లేదు. నీళ్ళు వచ్చాయంటే దెబ్బ సరిగ్గా పడిందని. కొట్టిన మనిషి సంగతి దానివల్ల ఏమీ తెలియదు.

గరగర ఆగింది.

"...తలుపు తియ్యండి. మైకు తీగ ఊడింది, ఇప్పుడే పెట్టుకున్నాను. ఎవరన్నా కూర్చున్నారా లోపల?"

"లేదు వదినా, ఇద్దరం నిలబడే ఉన్నాం" అని అరిచాను.

లోపలి తలుపు తెరిచేసరికి వదిన ఒంటికాలి మీద గోడ పట్టుకుని నిలబడి ఉంది. బిగువు కిందికి ఒలిస్తే మోకాలి వెనక వంకాయంత వాపు. వంకాయ రంగే. మాసికలో నా వైపు రెండు టాకాలు ఊడి నోరు తెరుచుకున్నాయి. మిగతావి ఉన్నాయి. అత్త ఆ రెండు టాకాలను వేలితో ముట్టుకుని చూసింది, వాపును ముట్టుకుని చూసింది. అప్పుడు నేల మీదే చతికిలబడింది. నేను కూర్చోలేదు.

"అత్తా, మళ్ళీ వారం ఇదే వేసుకుని వెళ్తాను" అంది వదిన. "విప్పకండి."

"ఇప్పను. ఈ పక్క ఇంకో రెండు వరసలేస్తా. నేనే ఏస్తా." నా వైపు చూసింది. "వీడు కూడా ఏస్తాడులే. నేర్చుకోవాల గదా."

"వాపు తగ్గాకే వెళ్ళేది" అన్నాడు అప్పుడే తడి చేతులతో వచ్చిన అన్న. ఆ చేతులతో వదిన ముఖం కడిగాడు, అందరి ముందూ. వదిన కళ్ళు మూసుకుంది.

నమోదు 9

ఈ సాయంత్రం నాకు కొత్త పేరు వచ్చింది. వంటశాలలో అందరూ నన్ను చూసి చోటిచ్చారు. వదిన వచ్చేదాకా కదలకుండా, కన్నీళ్ళు కారుస్తూ నిలబడ్డాడు, ఆ తర్వాత కూడా కూర్చోలేదు, కుంటుకుంటూ ఇంటికి వెళ్ళాడు, ఎంత భక్తి అని చెప్పుకున్నారు. అత్త స్వయంగా నా భుజం తట్టి, ఈ కాలపు పిల్లల్లో ఇట్లాంటి నిష్ఠ సూడలే అంది. పొగడ్తను కాదనడం మర్యాద కాదు కాబట్టి తల వంచుకుని స్వీకరించాను.

అది నిష్ఠ కాదు. నా ఎడమ జోడులో, పాదం కింద, చిట్టి కత్తెర ఉంది. దాని ముక్కు బొటనవేలి మొదట్లో దిగింది. కదిలితే దిగేది, కూర్చుంటే జోడులోంచి తొంగిచూసేది. ఆ కన్నీళ్ళలో కొన్ని వదిన కోసం కార్చినవి. ఎన్నో తూచి చెప్పలేను. రేపు అత్త రాకముందే దాన్ని డబ్బా మూతలో పెట్టాలి, లేదా ఏనుగంత ధైర్యం తెచ్చుకుని ఆమె చేతికే ఇవ్వాలి.

తలుపు దాటింది వదిన. దిండు విప్పి మాసిక వేసింది అత్త. నేను కుట్టిన పక్క ఊడింది. అంతా బాగా జరిగింది కాబట్టి, విప్పకుండా పైన వేస్తే ఆగుతుందని నాకు ముందే తెలుసునని రాసుకోవచ్చు. పోగుల సాగుడు మీద ప్రత్యేక అధ్యయనం చేసినవాణ్ణి, ఎవరూ కాదనరు. నాకు తెలియదు. మాసిక సంగతి అప్పటికి నా బుర్రలోనే లేదు. విప్పడం ఒక్కటీ ఆగాలనుకున్నాను. అది ఆగితే వదిన డెబ్భై తొమ్మిదితోనే వెళ్తుందని కూడా తోచింది.

నేను నిజంగా చేసింది ఇది. పెట్టె డెబ్భై తొమ్మిది అన్నప్పుడు, అత్త ముఖం కప్పుకుని ఉన్నప్పుడు, వదిన వచ్చి చాలు అనకముందే, ఆమెను అడక్కుండా, అది ఆమె ప్రాణమని తెలిసి, కత్తెర తీసి నా జోడులో వేసుకున్నాను.